మా తెలుగు లైబ్రరీకి ఏ సీఐ సర్వీసు పెట్టుకోవాలి?

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి తెలుగు వచనాన్ని అక్షరాలుగా, పదాలుగా విడగొట్టే ఒక పైథాన్ లైబ్రరీ నడుపుతున్నాం. వేగం కోసం కొంత భాగం సీ భాషలో రాశాం. కోడ్ గిట్‌హబ్‌లో, ఓపెన్ లైసెన్సుతో ఉంది. సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని దానంతటదే నడిపే సేవ) కోసం పెట్టిన పాత ట్రావిస్ ఫైలు ఒకటి రిపోలో (కోడ్ దాచే చోట) ఉంది గానీ అది ఏళ్లుగా పనిచెయ్యడం లేదు. ఎవరైనా పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో ఈ మార్పు కలపండన్న అభ్యర్థన) పంపితే నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో టెస్టులు నడిపి కలిపేస్తున్నాం. ఈమధ్య విండోస్ వాడేవాళ్ల నుంచి ఎర్రర్ల ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. మాలో ఒకరు గిట్‌హబ్ యాక్షన్స్ చాలంటున్నారు, ఇంకొకరు కోడ్ మొత్తం గిట్‌హబ్ లాంటిదే అయిన కోడ్‌బెర్గ్‌కి మార్చేద్దామంటున్నారు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, దాన్నే రన్నర్‌గా (టెస్టులు నడిపే మెషిన్‌గా) పెట్టుకుందామా అని నాకు అనిపిస్తోంది. డబ్బు పెట్టే స్థితి లేదు. పైపీఐకి (పైథాన్ ప్యాకేజీలు అందరికీ దొరికే చోటుకి) రిలీజులు ఇప్పటిదాకా నా టోకెన్‌తో (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్‌తో) నేనే ఎక్కిస్తున్నాను. ఏది ఎంచుకోమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ కోడ్ ఇప్పటికే గిట్‌హబ్‌లో ఉంది. విండోస్ మీద పరీక్షించక తప్పదు. ఖర్చు పెట్టలేరు. ఈ మూడింటికీ చక్కగా సరిపోయేది గిట్‌హబ్ యాక్షన్స్, దాంతోనే మొదలుపెట్టండి. కానీ దాన్ని పెట్టుకునే తీరులో రెండు విషయాల దగ్గర రాజీపడొద్దు. టెస్టులు ఎలా నడవాలన్నది మీ సొంత స్క్రిప్టులో ఉండాలి, సర్వీసు వాళ్ల యామల్ ఫైల్లో (ఏం నడపాలో సర్వీసుకి చెప్పే సెట్టింగుల ఫైల్లో) కాదు. రిలీజు టోకెన్ అనేది అసలు ఎక్కడా దాచి ఉండకూడదు.

మొదటిది ఎందుకో మీ రిపోలో పడి ఉన్న ట్రావిస్ ఫైలే సాక్ష్యం. 2011లో బెర్లిన్‌లో మొదలైన ట్రావిస్ సీఐ దాదాపు పదేళ్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితంగా సేవచేసింది. 2019 జనవరిలో దాన్ని ఐడెరా అనే కంపెనీ కొనుక్కుంది. 2020 నవంబరులో లెక్క మారింది: ఓపెన్ సోర్స్‌కి ఒక్కసారి మాత్రం 10,000 క్రెడిట్లు, అవి అయిపోతే మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. లినక్స్ మీద నిమిషానికి 10 క్రెడిట్లు కాబట్టి అది 1,000 నిమిషాలు, అంతే. 2021 జూన్ 15న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులుండే పాత సైటు మూతపడింది. ఉచిత మెషిన్లను క్రిప్టో మైనింగ్‌కి వాడుకునేవాళ్లు ఎక్కువవడం ఈ మార్పుకి ఒక కారణం. అదే బెడదతో గిట్‌ల్యాబ్ 2021లో కొత్త ఉచిత ఖాతాలకు కార్డు ధ్రువీకరణ పెట్టింది, అజూర్ పైప్‌లైన్స్ ఉచిత వాటాకి ముందు దరఖాస్తు పెట్టమంది, గిట్‌హబ్ మొదటిసారి వచ్చినవాళ్ల పుల్ రిక్వెస్ట్‌కి నిర్వాహకుల అనుమతి తప్పనిసరి చేసింది. ఉచితం అనేది ఎవరో ఇస్తున్నంత కాలమే ఉంటుంది. వాడుకోవడంలో తప్పులేదు, కానీ ఇల్లు మారాల్సి వస్తే ఒక్క మధ్యాహ్నంలో సామాను సర్దుకోగలిగేట్టు ఉండాలి.

దానికి మార్గం: నాక్స్ గానీ టాక్స్ గానీ (పైథాన్ టెస్టుల్ని నడిపే టూల్స్) వాడి, టెస్టులు, లింటు (కోడ్‌లో తప్పులు వెతకడం), ప్యాకేజీ కట్టడం అన్నీ రిపోలోనే ఒక్కో కమాండుగా రాసుకోండి. అప్పుడు వర్క్‌ఫ్లో ఫైలు (ఆ యామల్ ఫైలే) చేసే పనులు మూడే: కోడ్ తెచ్చుకోవడం, పైథాన్ పెట్టడం, నాక్స్‌ని పిలవడం. మీ ల్యాప్‌టాప్‌లో ఏ కమాండు కొడతారో రన్నర్‌లోనూ అదే నడుస్తుంది. ఇలా చెయ్యని రిపోల్లో ఏం జరుగుతుందంటే, యామల్ ఫైలు రెండొందల లైన్లకు పెరుగుతుంది, అందులో పుట్టిన తప్పుని ఇంట్లో నడిపి చూసే దారి ఉండదు, చిన్న మార్పు చేసి పుష్ చేసి (రిపోకి పంపి) నాలుగు నిమిషాలు కాచుకుని మళ్లీ పుష్ చెయ్యడమే పనవుతుంది.

ఇక సర్వీసుల లెక్క. మీకు పైథాన్ వెర్షన్లు ఐదు ఉంటాయి, ఎందుకంటే ప్రతి వెర్షన్‌కీ ఐదేళ్ల మద్దతు, ఏటా ఒక కొత్త వెర్షన్. వాటిని మూడు ఆపరేటింగ్ సిస్టాల మీద నడిపితే 15 జాబులు (ఒక వెర్షన్‌ని ఒక సిస్టం మీద నడపడం ఒక జాబు). అంత అక్కర్లేదు. లినక్స్ మీద ఐదూ, విండోస్ మీద, మ్యాక్ మీద అన్నిటికంటే పాతదీ కొత్తదీ మాత్రం నడపండి: మొత్తం 9. ఒక్కో జాబు 4 నిమిషాలనుకుంటే ఒక పుష్‌కి 36 నిమిషాలు.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో పబ్లిక్ రిపోకి మామూలు రన్నర్ల మీద నిమిషాల పరిమితి లేదు. ఒకేసారి 20 జాబులు, వాటిలో మ్యాక్‌వి 5 నడుస్తాయి. లినక్స్, విండోస్ మెషిన్లకు 4 కోర్లు, 16 జీబీ మెమరీ ఉంటుంది; మీ లైబ్రరీకి అది ధారాళం. ఇదంతా రిపో పబ్లిక్‌గా ఉన్నంతవరకే. ప్రైవేటు రిపోకి ఉచిత ఖాతాలో నెలకు 2,000 నిమిషాలు, అందులో విండోస్ నిమిషం దాదాపు రెండింతలుగా, మ్యాక్ నిమిషం దాదాపు పదింతలుగా లెక్కలోకి వస్తుంది. మీ 9 జాబుల మ్యాట్రిక్స్ (వెర్షన్లూ సిస్టాలూ కలిపిన జాబుల పట్టిక) ఒక పుష్‌కి దాదాపు 116 నిమిషాలు తింటుంది, నెల మొత్తానికి పదిహేడు పుష్‌లు. కాబట్టి "ఇంకా సిద్ధం కాలేదు" అని ఏ కొత్త భాగాన్నయినా ప్రైవేటు రిపోలో పెట్టి అదే మ్యాట్రిక్స్ తగిలించకండి.

గిట్‌ల్యాబ్ ఉచిత ఖాతాలో నెలకు 400 నిమిషాలు, అంటే మీకు పదకొండు పుష్‌లు. వాళ్ల ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో చేరితే నెలకు 50,000 నిమిషాలొస్తాయి, దానికి దరఖాస్తు, ఆమోదిత లైసెన్సు, ఏటా రెన్యూవల్ కావాలి. కోడ్ అక్కడే ఉన్నవాళ్లకు అది మంచి దారి, మీరు దానికోసం ఇల్లు మారక్కర్లేదు. సర్కిల్‌సీఐ ఓపెన్ సోర్స్‌కి లినక్స్ మీద ఉదారంగానే క్రెడిట్లు ఇస్తుంది, కానీ మీకు కావలసింది విండోస్. పైగా ఫోర్కుల (బయటివాళ్లు చేసుకున్న మీ రిపో నకళ్ల) నుంచి వచ్చే పుల్ రిక్వెస్టుల్ని అది మొదట్లో నడపదు, సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. దాని పక్కనే ఫోర్కు బిల్డులకు సీక్రెట్లు (సర్వీసులో దాచిన టోకెన్ల లాంటివి) పంపే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని మాత్రం ఎన్నడూ ఆన్ చెయ్యొద్దు. యాప్‌వేయర్ విండోస్‌కి పేరుపొందినదే, ఓపెన్ సోర్స్‌కి ఉచితంగా ఒకసారికి ఒక్క జాబు నడుపుతుంది, 9 జాబులు వరసలో నిలబడాలి.

కోడ్‌బెర్గ్ గురించి మీ మిత్రులు అన్నదాంట్లో న్యాయం ఉంది. అది బెర్లిన్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంఘం నడిపే చోటు, ఒక కంపెనీ నిర్ణయం మీద ఆధారపడకూడదన్న కోరిక ట్రావిస్ అనుభవం తర్వాత అర్థమయ్యేదే. కానీ అక్కడి వుడ్‌పెకర్ సీఐకి ముందుగా అడిగి అనుమతి తెచ్చుకోవాలి, నడిచేది లినక్స్. వాళ్ల వనరులు విరాళాల మీద నడిచేవి, వాటిని పొదుపుగా వాడాలి. విండోస్ ఫిర్యాదులు వస్తున్న ప్రాజెక్టు విండోస్ పరీక్షని వదులుకుని వెళ్లడం తొందరపాటు. నాక్స్ పద్ధతిలో పెట్టుకుంటే ఆ తలుపు రేపైనా తెరిచే ఉంటుంది. కోడ్‌బెర్గ్ నడిచే సాఫ్ట్‌వేర్ ఫోర్జెయో; దాని సొంత సీఐ అయిన ఫోర్జెయో యాక్షన్స్ వర్క్‌ఫ్లో రాసే తీరు గిట్‌హబ్‌కి దగ్గరగానే ఉంటుంది, అచ్చం అదే అనుకోకండి.

పాత డెస్క్‌టాప్‌ని రన్నర్‌గా పెట్టకండి. పబ్లిక్ రిపోకి సొంత రన్నర్ తగిలించొద్దని గిట్‌హబ్ వాళ్లే హెచ్చరిస్తారు. పుల్ రిక్వెస్ట్ పంపినవాళ్ల కోడ్ మీ ఇంటి మెషిన్ మీద నడుస్తుంది. గిట్‌హబ్ ఇచ్చే రన్నర్ ప్రతి జాబుకీ కొత్తగా పుట్టి అయిపోగానే పోతుంది. మీ డెస్క్‌టాప్ అలా పోదు. ఒక జాబు వదిలి వెళ్లిన ప్రోగ్రాం తర్వాతి జాబులోనూ ఉంటుంది, ఇంట్లో వైఫై మీదున్న మిగతా మెషిన్లనీ చూస్తుంది.

ఇప్పుడు మీ విండోస్ ఫిర్యాదులకు వద్దాం. ఎర్రర్లు ఏమిటో మీరు రాయలేదు గానీ, తెలుగుతో పనిచేసే పైథాన్ కోడ్‌లో అవి ఎక్కువగా వచ్చే చోట్లు మూడే. అవి తెలిస్తే విండోస్ జాబు మొదటిసారి నడిపినప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది.

మొదటిది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ ఆ సిస్టం వాడేదాన్ని తీసుకుంటుంది. ఉబుంటులో అది యూటీఎఫ్-8. ఇంగ్లిష్ విండోస్‌లో, రన్నర్‌లో కూడా, అది సీపీ1252. ఆ పట్టికలో ఐదు బైట్లకు అక్షరం లేదు: హెక్స్‌లో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు. పొల్లు గుర్తు మూడో బైటు 8డీ, ఉకారం గుర్తు మూడో బైటు 81. అందుకే "అమ్మ" అనో "తెలుగు" అనో ఉన్న ఫైలు చదివితే వెంటనే డీకోడ్ ఎర్రర్ వస్తుంది. "అల" అనే మాటలో ఆ బైట్లేవీ లేవు, అది ఎర్రర్ లేకుండా ఆరు చెత్త అక్షరాలుగా లోపలికి వచ్చేస్తుంది. ఈ రెండో రకమే ప్రమాదం, టెస్టు పాసైపోతుంది, నిఘంటువు పాడవుతుంది. మీ టెస్టు మాటల్లో సున్నా, పొల్లు, ఒత్తు, గుడింతం అన్నీ ఉండేట్టు చూసుకోండి.

ప్రింటు చేసేటప్పుడు ఇంకో చిక్కు. విండోస్ కన్సోల్లో నేరుగా ప్రింటు చేస్తే పైథాన్ 3.6 నుంచి తెలుగు సరిగ్గానే పోతుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైల్లోకో పైపులోకో మళ్లిస్తే మళ్లీ సీపీ1252, ఎన్‌కోడ్ ఎర్రర్. సీఐలో అవుట్‌పుట్ ఎప్పుడూ పైపులోకే పోతుంది. "నా విండోస్‌లో బాగానే ఉంది, సీఐలో పడిపోతోంది" అని ఎవరైనా అంటే ఆ రెండు మాటలూ నిజమే.

దీనికి చాలామంది చేసే పని వర్క్‌ఫ్లోలో పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చెయ్యడం. టెస్టులన్నీ పచ్చగా మారతాయి, వాడుకరుల ఎర్రర్లు మాత్రం అలాగే ఉంటాయి, ఎందుకంటే వాళ్ల మెషిన్ల మీద ఆ వేరియబుల్ లేదు. అలా చెయ్యకండి. కోడ్‌లో ఫైలు తెరిచే ప్రతి చోటా యూటీఎఫ్-8 అని రాయండి. ఎక్కడెక్కడ మర్చిపోయారో పైథాన్ 3.10 నుంచి అదే చెబుతుంది: పైథాన్‌ని మైనస్ ఎక్స్ ఆప్షన్‌తో, వార్న్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ అన్న విలువ ఇచ్చి నడిపితే ఎన్‌కోడింగ్ చెప్పని ప్రతి చోటా హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చి లినక్స్ జాబుల్లోనే పెట్టొచ్చు, అప్పుడు విండోస్ దాకా పోకుండానే తప్పు దొరుకుతుంది. 3.15 నుంచి యూటీఎఫ్-8 అన్ని చోట్లా మామూలు ఎంపిక అవుతుంది, కానీ పాత వెర్షన్లు మీ మ్యాట్రిక్స్‌లో ఇంకా కొన్నేళ్లు ఉంటాయి.

రెండోది లైను చివరలు. విండోస్ రన్నర్‌లో గిట్ ఫైళ్లను తెచ్చేటప్పుడు లైను చివర క్యారేజ్ రిటర్న్ చేరుస్తుంది. మీ పదాల జాబితాని మీ సీ కోడ్ బైట్లుగా చదువుతుంటే ప్రతి పదం చివరా కనపడని అక్షరం ఒకటి అంటుకుంటుంది, ఒక్క పదమూ నిఘంటువులో దొరకదు. రిపోలో గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి డేటా ఫోల్డర్‌కి ఎల్‌ఎఫ్ (లినక్స్ తరహా) చివరలే ఉండాలని రాయండి. ఇది ఒక్క లైను పని, మీ లైబ్రరీకి రన్నర్ సెట్టింగ్ కంటే ఇదే నమ్మదగినది, ఎందుకంటే కోడ్ దింపుకున్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది.

మూడోది విండోస్‌ది కాదు, పైథాన్ వెర్షన్లది. ఐదు వెర్షన్లూ ఎందుకు నడపమన్నానో దీంతో తెలుస్తుంది. ఒక్కో పైథాన్‌లో ఒక్కో యూనికోడ్ పట్టిక ఉంటుంది. నకార పొల్లు యూనికోడ్ 14లో చేరింది. పైథాన్ 3.10లో ఉన్నది యూనికోడ్ 13, 3.11లో 14. నకార పొల్లు అక్షరమేనా అని అడిగితే 3.10 కాదంటుంది, 3.11 అవునంటుంది. పాత పుస్తకాల స్కాన్లతో పనిచేసేవాళ్లు మీ లైబ్రరీ వాడితే ఈ తేడా తగులుతుంది. అలాగే ఐత్వం గుర్తు: దాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింది ఐత్వపు గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. నార్మలైజ్ చెయ్యకుండా పోల్చితే కంటికి ఒకటే అయిన "కై" రెండు పదాలవుతుంది. రెండు రూపాలకూ టెస్టులు రాసి పెట్టండి.

సీ భాగం ఉంది కాబట్టి వీల్స్ (ముందే కంపైల్ చేసిన పైథాన్ ప్యాకేజీలు) కట్టాలి. సీఐబిల్డ్‌వీల్ అనే టూల్ ఆ పని అన్ని సిస్టాలకూ చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆర్మ్ ప్రాసెసర్ల లినక్స్ వీల్స్‌ని మామూలు మెషిన్ మీద క్యూఈఎంయూ ఎమ్యులేషన్‌తో (ఆర్మ్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో) కడితే చాలా రెట్లు నెమ్మది. పబ్లిక్ రిపోలకు 2025 నుంచి ఆర్మ్ రన్నర్లు ఉచితంగా ఉన్నాయి, వాటినే వాడండి. వీల్స్ ప్రతి పుష్‌కీ కట్టక్కర్లేదు, రిలీజు ట్యాగ్ పడ్డప్పుడూ వారానికోసారీ చాలు.

ఆ వారానికోసారి నడిపే షెడ్యూలు గురించి: సమయం యూటీసీలో రాయాలి, మన సమయానికి ఐదున్నర గంటలు వెనక్కి. సోమవారం ఉదయం 6:17కి నడవాలంటే సోమవారం 0:47 అని రాస్తారు. సరిగ్గా గంట మీద పెట్టకండి, అప్పుడు అందరివీ ఒకేసారి లేచి ఆలస్యమవుతాయి. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూలు దానంతటదే ఆగిపోతుంది. పరీక్షల కాలంలోనో పెళ్లిళ్ల సీజన్లోనో రెండు నెలలు పట్టించుకోని ప్రాజెక్టుల్లో ఇది తరచూ జరుగుతుంది, వెళ్లి మళ్లీ ఆన్ చెయ్యాలి.

ఇప్పుడు అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సిన భాగం. ఓపెన్ సోర్స్‌లో సీఐ అంటే ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన కోడ్‌ని మీ పేరు మీద నడపడం. గిట్‌హబ్ దీనికి కట్టిన గోడ బాగానే ఉంది: ఫోర్కు నుంచి వచ్చిన పుల్ రిక్వెస్ట్‌కి సీక్రెట్లు అందవు, దాని టోకెన్ చదవడానికి మాత్రమే పనికొస్తుంది. ఆ గోడకి మనమే కన్నం పెట్టుకుంటాం, పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే ట్రిగ్గర్‌తో (వర్క్‌ఫ్లో ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్‌తో). అది మీ రిపో హక్కులతో, సీక్రెట్లతో నడుస్తుంది. దానికింద పంపినవాళ్ల కోడ్‌ని తెచ్చుకుని పిప్ ఇన్‌స్టాల్ చేశారంటే చాలు, సెటప్ ఫైల్లో రాసింది ఏదైనా మీ టోకెన్‌తో నడుస్తుంది. "ఫోర్కు నుంచి వచ్చినప్పుడు సీక్రెట్ దొరకడం లేదు, ఈ ట్రిగ్గర్ పెడితే పనిచేసింది" అన్న సలహా మీకు చాలాచోట్ల కనిపిస్తుంది. మీ లైబ్రరీ టెస్టులకు సీక్రెట్ ఏదీ అక్కర్లేదు, కాబట్టి ఆ ట్రిగ్గర్ మీకు అక్కర్లేదు.

ఇంకో కన్నం: పుల్ రిక్వెస్ట్ శీర్షికనో బ్రాంచ్ పేరునో యామల్‌లోని షెల్ కమాండులో నేరుగా పొదగడం. బ్రాంచ్ పేరు రాసేది పంపినవాళ్లు, అందులో కమాండు పెట్టొచ్చు. 2024 డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే పేరున్న పైథాన్ ప్యాకేజీకి జరిగింది ఇదే. పుల్ రిక్వెస్ట్ టార్గెట్ ట్రిగ్గర్, బ్రాంచ్ పేరులో దాచిన కమాండు, అక్కడినుంచి బిల్డు క్యాష్‌ని (మళ్లీ వాడుకోవడానికి దాచిన ఫైళ్లని) పాడుచెయ్యడం, చివరికి పైపీఐలో 8.3.41, 8.3.42 రిలీజుల్లో క్రిప్టో మైనర్. కోడ్ సమీక్షలో ఏ తప్పూ లేదు. సమీక్షించిన కోడ్ ఒకటి, ప్యాకేజీలో చేరింది ఇంకొకటి. అలాంటి విలువ అవసరమైతే ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, కమాండులో ఆ వేరియబుల్‌ని కోట్స్‌లో వాడండి. రిలీజు వర్క్‌ఫ్లోలో క్యాష్ వాడొద్దు. జిజ్‌మర్ అనే టూల్‌ని మీ వర్క్‌ఫ్లో ఫోల్డర్ మీద నడిపితే ఇలాంటివాటిని చాలావరకు పట్టిచ్చేస్తుంది, దాన్నీ నాక్స్‌లో ఒక కమాండుగా పెట్టండి.

బయటివాళ్ల యాక్షన్లు వాడేటప్పుడు వెర్షన్ ట్యాగ్ బదులు 40 అక్షరాల కమిట్ హ్యాష్ రాయండి. ట్యాగ్‌ని ఎవరైనా వేరే కమిట్ మీదకి జరపొచ్చు, హ్యాష్‌ని జరపలేరు. 2025 మార్చిలో, 23,000కి పైగా రిపోలు వాడుతున్న ఒక యాక్షన్ (టీజే యాక్షన్స్ వాళ్ల ఛేంజ్డ్ ఫైల్స్) ట్యాగ్‌లన్నిటినీ దాడిచేసినవాళ్లు అలాగే జరిపారు. అది నడిచిన రిపోల సీక్రెట్లు లాగులో అచ్చయ్యాయి, పబ్లిక్ రిపోల లాగు ఎవరైనా చదవొచ్చు. హ్యాష్ పెడితే పాతబడిపోతుందని భయం అక్కర్లేదు. గిట్‌హబ్‌లోని డిపెండబాట్ అనే బాట్‌కి చెబితే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు హ్యాష్‌నీ పక్కనున్న వ్యాఖ్యనీ మార్చి పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. వచ్చిన వెంటనే కలపకుండా వారం పదిరోజులు ఆగండి. వర్క్‌ఫ్లో పైభాగంలో పర్మిషన్స్ కింద కంటెంట్స్‌కి రీడ్ అని రాయడం మర్చిపోవద్దు.

మొదటిసారి వచ్చినవాళ్ల పుల్ రిక్వెస్ట్‌కి అనుమతి బటన్ నొక్కేముందు టెస్టు ఫైళ్లనీ సెటప్ ఫైలునీ వర్క్‌ఫ్లో ఫోల్డర్‌నీ ఒకసారి చూడండి. అక్షరదోషం ఒకటి సరిచేసిన పుల్ రిక్వెస్ట్ వర్క్‌ఫ్లో ఫైలుని ముట్టుకుందంటే ఆగి అడగాలి.

రిలీజుల దగ్గరికి వస్తే, పైపీఐలో 2023 ఏప్రిల్ నుంచి ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది. దాంట్లో టోకెన్ దాచిపెట్టడం ఉండదు. ఈ రిపోలోని ఈ వర్క్‌ఫ్లో ఫైలు నుంచి వస్తే నమ్మమని పైపీఐకి ముందే చెప్పి ఉంచుతారు. రిలీజు సమయంలో గిట్‌హబ్ ఇచ్చే గుర్తింపుని చూసి పైపీఐ 15 నిమిషాలు మాత్రమే చెల్లే టోకెన్ ఇస్తుంది. పెట్టుకునే క్రమం ఇది: పైపీఐలో మీ ప్రాజెక్టు పేజీ నుంచి పబ్లిషింగ్‌కి వెళ్లి రిపో యజమాని పేరు, రిపో పేరు, వర్క్‌ఫ్లో ఫైలు పేరు, ఎన్విరాన్‌మెంట్ పేరు నింపండి. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో అదే పేరుతో ఎన్విరాన్‌మెంట్ సృష్టించి, మీ ముగ్గురిలో ఒకరు ఆమోదిస్తేనే నడిచేట్టు చెయ్యండి, పబ్లిక్ రిపోకి ఇది ఉచితమే. వర్క్‌ఫ్లోలో రెండు జాబులుండాలి. ఒకటి వీల్స్ కట్టి ఆర్టిఫాక్ట్‌గా (తర్వాతి జాబు దింపుకునే ఫైలుగా) ఎక్కిస్తుంది. రెండోది దాన్ని దింపుకుని పైపీఐకి పంపుతుంది. ఐడీ టోకెన్ రైట్ పర్మిషన్ ఈ రెండో జాబుకి మాత్రమే ఇవ్వండి, దాంట్లో ఇంకే పనీ చెయ్యకండి. తర్వాతెప్పుడో ఫైలు పేరు మారిస్తే ఇన్‌వ్యాలిడ్ పబ్లిషర్ అని రిలీజు ఆగిపోతుంది. అప్పుడు కంగారుపడి టోకెన్ పద్ధతికి వెనక్కి పోకుండా పైపీఐలో పేరు సరిచెయ్యండి.

మెయిన్ బ్రాంచ్‌కి టెస్టులు పాసైతేనే కలిపే నియమం పెడతారు కదా, అక్కడ అందరూ తట్టుకునే రాయి ఒకటుంది. మ్యాట్రిక్స్‌లోని ఒక్కో జాబు పేరులో పైథాన్ వెర్షన్ ఉంటుంది. ఆ పేర్లను తప్పనిసరి జాబితాలో పెడితే, రేపు పాత వెర్షన్ తీసేసినప్పుడు ఆ పేరుతో జాబే రాదు, పుల్ రిక్వెస్ట్ ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకని అన్ని జాబుల మీదా ఆధారపడే చివరి జాబు ఒకటి పెట్టి దాన్ని మాత్రమే తప్పనిసరి చెయ్యండి. ఆ జాబుకి ఎల్లప్పుడూ నడవాలనే షరతు పెట్టి, మిగతావాటి ఫలితాలు అదే చదివి ఒక్కటి తప్పినా తనూ తప్పేట్టు రాయాలి. ఆ షరతు లేకపోతే ముందు జాబు తప్పినప్పుడు ఇది నడవకుండా దాటవేయబడుతుంది, దాటవేసిన జాబుని గిట్‌హబ్ పాసైనట్టే లెక్కవేస్తుంది. డాక్యుమెంటేషన్ మారితే టెస్టులు వద్దని ఫైలు దారుల ఫిల్టర్ మొత్తం వర్క్‌ఫ్లోకి పెట్టినా ఇదే ఎదురుచూపు వస్తుంది.

చిన్నవి మూడు. జాబుకి టైమౌట్ 15 నిమిషాలు రాయండి, రాయకపోతే వేలాడిన టెస్టు 360 నిమిషాలు నడుస్తుంది. మ్యాట్రిక్స్‌లో ఫెయిల్ ఫాస్ట్‌ని ఆపండి, లేకపోతే విండోస్ జాబు ఒకటి పడగానే మిగతావి రద్దై తప్పు విండోస్‌దా అందరిదా తెలియదు. అదే పుల్ రిక్వెస్ట్‌కి కొత్త పుష్ వస్తే పాత రన్ రద్దయ్యేట్టు కాంకరెన్సీ పెట్టండి, మెయిన్ బ్రాంచ్‌కీ రిలీజుకీ మాత్రం వద్దు.

పని ఈ వరసలో చెయ్యండి. ముందు నాక్స్ ఫైలు రాసి మీ ల్యాప్‌టాప్‌లో నడపండి. తర్వాత లినక్స్ జాబులు, అవి పచ్చబడ్డాక విండోస్. విండోస్ మొదటిరోజు ఎర్రగానే వస్తుంది, ఆ ఎర్రర్లు మీ వాడుకరులు పంపినవే అయివుంటాయి. ఒక్కోదాన్నీ సరిచేశాకే తప్పనిసరి చెయ్యండి. మ్యాక్ ఆఖరున. రిలీజు వర్క్‌ఫ్లోతో ముందు టెస్ట్‌పైపీఐకి (ప్రయోగాల కోసం విడిగా ఉన్న పైపీఐకి) పంపి చూడండి, అక్కడ ట్రస్టెడ్ పబ్లిషింగ్ విడిగా నమోదు చెయ్యాలి.

ఆ రిలీజు సజావుగా పోయిన రోజే పాత ట్రావిస్ ఫైలు తీసెయ్యండి, గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ట్రావిస్‌కి ఇచ్చిన అనుమతులూ వెబ్‌హుక్‌లూ తొలగించండి. ఆ ఫైల్లో సెక్యూర్ అని మొదలయ్యే ఎన్‌క్రిప్ట్ చేసిన లైను ఉందేమో చూడండి; ఫైలు తీసేసినా గిట్ చరిత్రలో అది ఉంటుంది, అందులో ఉన్నది ఏ టోకెనైనా రద్దు చెయ్యాలి. తర్వాత పైపీఐ ఖాతాలోకి వెళ్లి మీ ల్యాప్‌టాప్‌లో ఇన్నాళ్లూ వాడిన టోకెన్‌నీ రద్దు చెయ్యండి. అల్ట్రాలిటిక్స్‌లో మొదటి కన్నం మూసిన రెండ్రోజులకే 8.3.45, 8.3.46 అనే మరో రెండు చెడ్డ రిలీజులు వచ్చాయి. రద్దు చెయ్యకుండా మిగిలిపోయిన పాత పైపీఐ టోకెన్ ఒకటి దాడిచేసినవాళ్ల చేతిలో ఉంది.